పాదము పట్టి చూచు విద్య

వరియన్నమే ప్రధానాహారమై, ఆత్రేయపురపు పూతరేకు అతిథిమర్యాదయై, చెప్పులు లేకయే చేనిగట్లపై నడచుట అలవాటైన కోనసీమలో, ఆసుపత్రియందు మధుమేహరోగికి బోధ చేయు నర్సమ్మ విద్యను వైద్యుని విద్యకంటె తక్కువగా నే నెన్నను. 1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టులు సాధించిన ఇన్సులిను సైతము పొడుచుకొను చేతికి నేర్పు లేనిచో సరిగా పనిచేయదు. ఒకే తావున నిత్యము పొడిచిన కొవ్వు గట్టిపడి మందు చక్కగా నెక్కదని ఆమె విసుగక చెప్పును. పది గ్రాముల ఒత్తిడికి వంగెడు నైలాను పోగును కన్నులు మూసికొన్న రైతు అరికాలి కానించి, “తెలుస్తోందా బాబాయిగారూ?” అని యడుగును, తెలియని చోటనే రేపటి పుండు పొంచియుండును. పూతరేకు మాన్పించుట సులభము, అన్నపురాశి తగ్గించి ఆకుకూర వడ్డింపించుటయే కష్టము (మా పెద్దల పట్టుదల జగద్విదితము). చదువరీ, మీ యింట మధుమేహగ్రస్తు లున్నచో ఏటి కొకమారైన పాదపరీక్ష చేయింపుడు.