పెద్ద క్లాసుకి ఏ డాక్యుమెంటరీ? మూడు సినిమాలు, ఒక సుస్థిరత పాఠం

పదహారు నుంచి పద్ధెనిమిదేళ్ల పిల్లలకి సుస్థిరత మీద పాఠం అనగానే చాలా బళ్లలో జరిగేది ఒకటే. మంచి పేరున్న డాక్యుమెంటరీ ఒకటి వెతికి ప్రొజెక్టర్ మీద చూపిస్తారు, చివరి పది నిమిషాల్లో "ఎలా ఉంది?" అని అడుగుతారు. పిల్లలు "బాగుంది" అంటారు, అదీ ఇంగ్లీషులోనే. అక్కడితో క్లాసు అయిపోతుంది.

పిల్లలకి శ్రద్ధ లేదనుకోకండి. ప్లాస్టిక్ గురించి, కరిగే మంచు గురించి ఇక్కడి పిల్లలు డేవిడ్ అటెన్‌బరో గొంతులో చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నారు. మళ్లీ అదే వినడానికి వాళ్లు మన దగ్గరికి రానక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా చూడండి. బ్రిటన్‌లో తెలుగుకి జీసీఎస్‌ఈ లేదు, ఏ లెవెల్ లేదు. కాబట్టి సర్టిఫికెట్ కోసం ఈ వయసు పిల్లలు మన బడికి రారు. గుణింతాలు, పద్యాలు, పండగల పాఠాలు ఎప్పుడో దాటేశారు. తిండి, భూమి, ఉద్యోగం, వాతావరణం లాంటి పెద్ద విషయాలన్నీ ఇంగ్లీషులోనే ఆలోచిస్తారు. తెలుగు అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడే భాషగానే ఉండిపోతే, పరీక్షల ఒత్తిడి మొదలైన ఏడాదే బడి మానేస్తారు. అందుకే సినిమా ఎంచుకునేటప్పుడు అది ఎంత గొప్పదో చూస్తే సరిపోదు. అది చూశాక పిల్లలకి తెలుగులో వాదించుకోవడానికి ఏమైనా మిగులుతుందా? ఈ ఒక్క ప్రశ్నతో మూడు సినిమాలని పరిశీలిద్దాం.

భయపెట్టి ఒప్పించే సినిమా

మొదటిది 'యాన్ ఇన్‌కన్వీనియంట్ ట్రూత్' (2006). అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ ఇచ్చే స్లైడ్ షోనే డేవిస్ గుగ్గెన్‌హైమ్ సినిమాగా తీశారు. ఆస్కార్ వచ్చింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత పెరిగిందో చూపే గీత తెర పైకి వెళ్లిపోతే, దాన్ని అందుకోడానికి గోర్ లిఫ్ట్ ఎక్కుతారు. ఆ దృశ్యం చూసినవాళ్లు మర్చిపోరు.

ఈ సినిమాని స్కూళ్లకి పంపడం మీద ఇంగ్లండ్‌లో ఒక స్కూలు గవర్నర్ హైకోర్టుకి వెళ్లారు. 2007 అక్టోబరులో తీర్పు వచ్చింది. భూమి వేడెక్కడం గురించి సినిమా చెప్పిన ముఖ్య విషయం స్థూలంగా సరైనదేననీ, అయితే తొమ్మిది చోట్ల అప్పటి శాస్త్రజ్ఞుల ఏకాభిప్రాయాన్ని దాటి మాట్లాడిందనీ జడ్జి అన్నారు. ఉదాహరణకి, సముద్రం ఇరవై అడుగులు పెరుగుతుందని సినిమా చూపించిన తీరు అది త్వరలోనే జరిగిపోతుందనిపిస్తుంది. దానికి వేల ఏళ్లు పడుతుందని తీర్పు చెప్పింది. టీచర్లకి వివరణ నోట్స్ ఇచ్చి సినిమా చూపించుకోవచ్చని తేల్చింది. వాతావరణ మార్పు అబద్ధమని కోర్టు అనలేదు. ఈ మాట క్లాసులో గట్టిగా చెప్పండి, లేకపోతే తీర్పుని తలకిందులుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

మన క్లాసుకి ఈ సినిమాతో ఉన్న ఇబ్బంది వేరు. మొదటినుంచి చివరిదాకా ఒకే మనిషి మాట్లాడతారు. ప్రశ్న ఆయనదే, జవాబూ ఆయనదే. పిల్లలు తెలుగులో చెప్పడానికి మిగిలేది అనువాదం మాత్రమే. కాబట్టి మొత్తం చూపించకండి. పావుగంట భాగం చూపించి, తీర్పులోని విషయం చెప్పి, "నిజమైన ప్రమాదాన్ని కాస్త పెంచి చెప్తే మంచిదా, చెడ్డదా?" అని అడగండి. ఆ వాదన చాలు.

సగం నాకు, సగం మీకు

రెండోది 'హనీలాండ్' (2019). తమారా కొటెవ్‌స్కా, ల్యుబోమిర్ స్టెఫానోవ్ కలిసి మాసిడోనియాలో తీశారు. హతిజె అనే ఆవిడ కొండల్లో ఖాళీ అయిపోయిన ఊళ్లో ముసలి తల్లితో ఉంటూ తేనె తీస్తుంది. తెట్టెలో సగం తీసుకుని సగం ఈగలకి వదలడం ఆవిడ పద్ధతి. పక్కకి పెద్ద కుటుంబంతో హుసేన్ వస్తాడు. తనూ ఈగలు పెడతాడు. తేనె కొనే వ్యాపారి ఇంకా కావాలని ఒత్తిడి చేస్తే, ఈగలకి వదలాల్సినదీ తీసి అమ్మేస్తాడు. ఆకలితో ఉన్న ఆ ఈగలు హతిజె ఈగల మీద పడతాయి.

సుస్థిరత అనే మాట సినిమాలో ఎక్కడా వినపడదు, కానీ పాఠమంతా అందులో ఉంది. వ్యాఖ్యానం చెప్పే గొంతు కూడా లేదు. మాటలు టర్కిష్. తీసినవాళ్లకే ఆ భాష రాదు, బొమ్మల్ని బట్టే కూర్పు మొదలుపెట్టారు. ఇది మనకి వరం. ఐదు నిమిషాల భాగం తీసుకుని సౌండ్ ఆపేసి, దానికి తెలుగులో వ్యాఖ్యానం రాయమనండి. తెట్టె, మైనం, పొగ పెట్టడం లాంటి మాటలు అవసరం కొద్దీ వాళ్లే అడిగి నేర్చుకుంటారు.

ఒక్క జాగ్రత్త. హతిజె మంచిది, హుసేన్ చెడ్డవాడు అని క్లాసు ఐదు నిమిషాల్లో తేల్చేస్తుంది. దాన్ని ఒప్పుకోకండి. హతిజెకి పోషించాల్సింది తల్లి ఒక్కతే, హుసేన్‌కి ఏడుగురు పిల్లలు. హతిజె మాత్రం సంతకి దూరంగా ఉందా? తనూ స్కోప్యే వెళ్లి బేరమాడి తేనె అమ్ముతుంది, జుట్టుకి రంగు కొనుక్కుంటుంది. మరి తేడా ఎక్కడుంది? ఇక తల్లిదండ్రులకి ఒక మాట: సినిమాలో ఒక మరణం ఉంది. ఇంట్లో ఈమధ్య పెద్దవాళ్లు పోయి ఉంటే టీచరుకి ముందే చెప్పండి.

మన భాషలో పత్తి చేను

మూడోది చాలామంది పేరు కూడా విని ఉండరు. 'వై ఆర్ వరంగల్ ఫార్మర్స్ యాంగ్రీ విత్ బీటీ కాటన్' (2003). జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో ఉన్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు తీసిన సినిమా ఇది. ఎక్కువమంది దళిత కుటుంబాల చిన్న రైతులు. కెమెరా పట్టింది వాళ్లే. మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002 మార్చిలో. ఆ మొదటి పంటకాలంలో వరంగల్ రైతులకి ఏం జరిగిందో ఈ సినిమా చెబుతుంది.

పేరు ఇంగ్లీషు, మాటలు తెలుగు. పెట్టుబడి, దిగుబడి, అప్పు, పురుగుమందు, గిట్టుబాటు: ఆర్థికశాస్త్రం క్లాసులో పిల్లలు ఇంగ్లీషులో చదివే విషయాలు ఇక్కడ పొలం గట్టు మీద తెలుగులో వినిపిస్తాయి. వినేది వరంగల్ యాస. "అది సరైన తెలుగు కాదు" అని దయచేసి ఎవరూ అనకండి. తమ బతుకు లెక్క తాము చెప్పుకుంటున్నవాళ్ల తెలుగు అది. మన పిల్లలకి అంతకంటే మంచి పాఠం లేదు.

అలాగని దీన్ని కళ్లకద్దుకోనూ అక్కర్లేదు. ఇది తటస్థమైన సినిమా కాదు. జన్యుమార్పిడి పంటలని ఆ సంస్థ మొదటినుంచీ వ్యతిరేకించింది, సినిమా పేరులోనే ఆ సంగతి ఉంది. చూపింది ఒక్క జిల్లా, ఒక్క పంటకాలం. ఆ తర్వాత పదేళ్లకే దేశంలో పత్తి వేసే భూమిలో తొంభై శాతానికి పైగా బీటీ విత్తనమే వచ్చింది. మరి సినిమా తప్పు చెప్పిందా? లేక రైతుకి దుకాణంలో వేరే విత్తనం దొరకలేదా? ఇంకో పక్క, మొదటి రకం బీటీని గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు తట్టుకుంటోందని 2010లో మోన్‌శాంటో కంపెనీయే ఒప్పుకుంది. మన దగ్గర బీటీ పత్తి హైబ్రిడ్ కాబట్టి గింజలు దాచుకుని మళ్లీ వేస్తే లాభం ఉండదు, ఏటా కొనాల్సిందే. ఈ నాలుగు విషయాలూ బోర్డు మీద రాసి క్లాసుని రెండు జట్లు చేయండి. జవాబు మీరు చెప్పకండి.

మూడింటిలో ఒక్కదానికే సమయం ఉంటే నా ఓటు దీనికే. గొప్ప సినిమా అని కాదు. అందంలో హనీలాండ్ ముందు నిలబడదు. కానీ పిల్లవాడు తెలుగులో ఒక పక్షం తీసుకుని నిలబడాల్సిన అవసరాన్ని కల్పించేది ఇదే.

క్లాసులో, ఇంట్లో

సినిమాకి ఒక ఆదివారం, వాదనకి ఇంకో ఆదివారం ఇవ్వండి. ఒకే రోజు రెండూ పెడితే వాదనకి చోటుండదు. "సుస్థిరత" అనే మాటతో మొదలుపెట్టకండి, అది పిల్లలకి బరువు. ఎంత తీసుకోవచ్చు? ఎంత వదలాలి? అది ఎవరు నిర్ణయిస్తారు? ఈ మూడూ అడిగితే ఆ మాట అర్థం దానంతట అదే తెలుస్తుంది. మాట తట్టనప్పుడు ఇంగ్లీషు మాట వాడనివ్వండి, వాక్యం మాత్రం తెలుగులో పూర్తి చేయించండి.

తల్లిదండ్రులు చేయాల్సిన పని ఒకటుంది. వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు, కర్నూలు వైపు పత్తి పండించిన చుట్టాలుంటే, ఆ మధ్య వారంలో పిల్లల చేత ఫోన్ చేయించండి. "విత్తనం ఎక్కడ కొన్నారు, ఎవరు చెప్తే కొన్నారు, గిట్టుబాటు అయిందా?" అని వాళ్లనే అడగనివ్వండి. పక్కన కూర్చుని మీరు అందుకోకండి. తాతయ్య చెప్పింది సినిమాలో చెప్పినదానికి పూర్తిగా విరుద్ధంగా ఉండొచ్చు. ఉంటే మరీ మంచిది, రెండో ఆదివారం క్లాసు దానితోనే మొదలుపెట్టుకోవచ్చు.