కనబడని భేదం, లేని భేదమా?

అన్నం ఉడికినదో లేదో తెలుసుకొనడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. కుండలోని మెతుకులన్నీ ఒకే నీటిలో, ఒకే వేడిమికి ఉడుకుతాయి కాబట్టి ఆ మాట నిజమే. రోగుల సంగతి అట్లా కాదు. ఒకే జబ్బుకు ఒకే మందు ఇచ్చినా ఒకరు కోలుకొంటారు, మరొకరు కోలుకోరు. అందుచేత వైద్య పరిశోధనలో ఎందరిని పరీక్షించారన్నది ముఖ్యమైన ప్రశ్న. దీనిని వైద్యలోకం చాలాకాలం అశ్రద్ధ చేసింది.

1978లో ఫ్రైమన్, చామర్స్, స్మిత్, క్యూబ్లర్ అనేవారు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే అమెరికా పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. చికిత్సల మధ్య సార్థకమైన భేదం కనబడలేదని ముగించిన 71 పరిశోధనలను వారు తిరిగి లెక్కకట్టారు. నిజంగా నూటికి 25 వంతుల మేలు ఉన్నా దానిని కనిపెట్టలేకపోయే ప్రమాదం 67 పరిశోధనలలో పదింట ఒక వంతును మించి ఉన్నదని తేలింది. 50 వంతుల మేలును సైతం అదే ప్రమాదంతో జారవిడువగలిగినవి 50 ఉన్నాయి.

గణాంకశాస్త్రంలో లేని భేదాన్ని ఉన్నదనడం మొదటిరకం దోషం. ఉన్న భేదాన్ని కనిపెట్టలేకపోవడం రెండవరకం దోషం. ఉన్నదానిని పట్టుకొనగల సామర్థ్యమే పరీక్షాశక్తి. మొదటి దోషానికి నూటికి ఐదని హద్దు గీసుకొన్నవారు రెండవదానిని పట్టించుకోలేదని ఈ వ్యాసం బయటపెట్టింది.

25 వంతులన్న కొలబద్ద మరీ సూక్ష్మమని ఎవరైనా ఆక్షేపించవచ్చు. దానికి స్ట్రెప్టోకైనేస్ చరిత్రే సమాధానం. గుండెపోటులో రక్తనాళానికి అడ్డుపడిన గడ్డను కరిగించే మందు ఇది. 1959 నుండి 1988 వరకు దీనిపై 33 పరీక్షలు జరిగాయి. వాటిలో అనేకం విడివిడిగా ఏమీ తేల్చలేకపోయాయి. చివరకు 1988లో ప్రకటితమైన ఐసిస్-2 పరీక్షలో 17,187 మంది రోగులున్నారు. ఐదు వారాలలో గుండె, రక్తనాళాల కారణంగా మరణించినవారు మందు పొందినవారిలో నూటికి 9.2, పొందనివారిలో 12.0. అనగా మరణాలు దాదాపు నాలుగవ వంతు తగ్గాయి.

ఇప్పుడొక లెక్క వేసి చూడండి. ఇంత భేదమే నిజమనుకొని పక్షానికి 100 మందిని తీసుకొంటే, ఒకవైపు 12 మరణాలు, మరొకవైపు 9 ఉండవచ్చు. మూడు మరణాల తేడా కాకతాళీయంగా కూడ రావచ్చును. అటువంటి పరీక్ష నిజాన్ని పట్టుకొనే అవకాశం పదింట ఒక వంతే. దానిని పదింట ఎనిమిది వంతులకు పెంచాలంటే పక్షానికి సుమారు 1,900 మంది కావాలి.

1992లో లౌ, ఆయన సహచరులు పాత పరీక్షలను కాలక్రమంలో కలుపుతూ పోయారు. 1973 నాటికే, 8 పరీక్షలు, 2,432 మంది రోగులతోనే, మందు ప్రాణాలు నిలుపుతుందనడానికి సార్థకమైన ఆధారం ఏర్పడినదని తేలింది. ఆ తరువాత పదిహేనేళ్ళు ఈ మందు అందక పోయిన ప్రాణాలే రెండవరకం దోషానికి చెల్లించిన మూల్యం.

చిన్న పరీక్షలను తరువాత కలుపుకోవచ్చునులే అని సరిపెట్టుకోరాదు. ఫలితం కనబడనివి అచ్చు కాకుండా మరుగున పడితే, కలిపిన మొత్తమే తప్పుదారి పట్టిస్తుంది. పెద్ద సమూహాన్ని ముక్కలు చేసినా చిక్కే. ఐసిస్-2లో ఆస్పిరిన్‌ను కూడ పరీక్షించారు. మొత్తంమీద అది మేలు చేసింది. ఐతే రోగులను జన్మరాశులుగా విడదీయగా మిథున, తులారాశులవారికి పనిచేయనట్లు కనబడింది! పరిశోధకులే దీనిని హెచ్చరికగా చూపారు.

ఫలానా మందువల్ల ప్రయోజనం లేదని వార్త వచ్చినపుడు ఉపాధ్యాయులు విద్యార్థులచేత రెండు ప్రశ్నలు వేయించాలి. ఎందరిని పరీక్షించారు? ఎంత మేలు ఉంటే ఆ పరీక్ష పట్టుకోగలదు? వీటికి సమాధానం లేనంతవరకు, లేదని తీర్పు చెప్పడం తొందరపాటు. ఇంకా తెలియదనడమే శాస్త్రధర్మం.