ఐదున్నర గంటల తేడా

ఈ వారం వచ్చిన ఫోన్లలో ఈ కాలమిస్టుకు కోపం తెప్పించింది ఒక్కటే. చేసింది బెజవాడలో డీటీపీ పని చేసుకునే కుర్రాడు. "అన్నా, లినక్స్ వేశాక విండోస్‌లో టైమ్ చెడిపోయింది. సాయంత్రం ఏడైతే మధ్యాహ్నం ఒకటిన్నర చూపిస్తోంది. షాపులో అందరూ లినక్స్ తీసేయమంటున్నారు." కోపం అతని మీద కాదు, తీసేయమన్నవాళ్ల మీద.

చెడిపోయిందేమీ లేదు. మదర్‌బోర్డు మీది గడియారంలో ఉన్నది స్థానిక సమయమేనని విండోస్ అనుకుంటుంది. లినక్స్ అందులో యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం, పెడుతుంది. మనకూ దానికీ ఉన్న ఐదున్నర గంటల తేడానే తెర మీద కనిపిస్తుంది. స్థానిక సమయమే వాడమని లినక్స్‌కు టెర్మినల్లో ఒక్క ఆదేశం ఇస్తే సరిపోతుంది. పనిలో పనిగా విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయాలి. అది ఉన్నంతకాలం షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు. అలాంటప్పుడు లినక్స్ విండోస్ డ్రైవ్‌ను చదువుతుంది గానీ అందులో రాయదు.

ఇలాంటి ఫోన్లు ఇంకా వస్తాయి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది, పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. కీబోర్డు, తెర, బ్యాటరీ అన్నీ బాగున్న ల్యాప్‌టాప్‌ను ఈ ఒక్క కారణంతో పక్కన పడేయడం అన్యాయం. డబ్బు పెట్టి కొన్న యంత్రంలో ఏది నడవాలో నిర్ణయించాల్సింది కొన్నవాడే. ఈ మాట ఈ పేజీలో పాతదే, మళ్లీ చెప్పక తప్పదు. 2024 ఆగస్టులో వచ్చిన ఓ విండోస్ అప్‌డేట్ తర్వాత, రెండు సిస్టమ్‌లు పెట్టుకున్న ఎన్నో కంప్యూటర్లలో లినక్స్ బూట్ కాకుండా పోయింది. అలాంటి యంత్రాలకు అందులోని ఆ మార్పును వర్తింపజేయబోమని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పినా ఇలా జరిగింది.

అసలు లినక్స్ పుట్టిందే మరో సిస్టమ్ పక్కన. 1991 జనవరిలో హెల్సింకీ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఒక 386 కంప్యూటర్ కొన్నాడు. ఆర్డరిచ్చిన మినిక్స్ ఫ్లాపీలు వచ్చేదాకా డాస్‌లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడుతూ గడిపాడు. మినిక్స్ అంటే ఆండ్రూ టానెన్‌బామ్ పాఠాలు చెప్పడానికి రాసిన సిస్టమ్. టోర్వాల్డ్స్ దాని మీదే పని చేస్తూ తన సొంతదాన్ని కొంచెం కొంచెంగా కట్టుకొచ్చాడు. ఒకరోజు మోడెమ్ ద్వారా యూనివర్సిటీ కంప్యూటర్‌కు ఫోన్ కలపబోయి, మోడెమ్ పేరుకు బదులు హార్డ్ డిస్క్ పేరు ఇచ్చాడు. డయలింగ్ ఆదేశాలు నేరుగా మినిక్స్ పార్టిషన్ మీద పడి అది పాడైపోయింది. మినిక్స్‌ను మళ్లీ ఎక్కించుకోవచ్చు. కానీ తన లినక్స్‌తోనే పని నడిచిపోతుందని అతనికి అప్పుడు తోచింది. ఇక మినిక్స్ జోలికి పోలేదు. జస్ట్ ఫర్ ఫన్ అనే తన పుస్తకంలో అతనే రాసుకున్న సంగతి ఇది.

ఇది చదివితే మన కుర్రాడికీ అదే సలహా ఇవ్వాలనిపిస్తుంది: విండోస్ పార్టిషన్ తుడిచెయ్, ఒక్క లినక్స్ చాలు. టైపింగుకూ ఇబ్బంది లేదు. డీటీపీవాళ్ల చేతికి అలవాటైన ఆపిల్ కీబోర్డు లేఅవుట్ లినక్స్‌లోనూ ఉంది. పోతన, మండలి, రామభద్ర ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి.

కానీ అతని డి డ్రైవ్‌లో ఉన్నదేమిటి? శుభలేఖలు, కవితా సంపుటాలు, సావనీర్లు. అన్నీ 2001 నాటి పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లలో చేసినవే. అను ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీద కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగలిసి కనిపిస్తాయి, ఒక్క తెలుగు మాటా ఉండదు. వెతికితే దొరకదు, మరో చోట అతికిస్తే అర్థం కాదు. కవి పోయాక రెండో ముద్రణకు మిగిలింది ఆ ఒక్క ఫైలే అయితే, అతని దగ్గర దాన్ని చదవగలిగేది ఆ పాత విండోస్ ఒక్కటే.

అందుకే ఈ కాలమిస్టు అతనికి చెప్పింది: విండోస్ తీయకు. దాన్ని నెట్‌కు దూరంగా ఉంచి, అను ఫైళ్లు తెరవడానికి మాత్రమే వాడు. మిగతా పనంతా లినక్స్‌లో చేసుకో. డి డ్రైవ్ మొత్తం మరో డిస్క్‌లోకి ఈరోజే కాపీ చేసుకో.

ఇదే మాట ప్రెస్‌ల వాళ్లకూ, సొంత పుస్తకాలు వేసుకున్న రచయితలకూ. మీ ఫైళ్లు తెరిచే యంత్రం ఇంకా నడుస్తుండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్పించుకోండి. కన్వర్టర్ పని అయ్యాక ఒత్తులు, పొల్లులు, అంకెలు అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ సరిచూడండి. అక్కడే తప్పులు దొర్లుతాయి.