కమానుకు అసలు పరీక్ష: క్యూబెక్ వాల్ట్జ్

కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ రాష్ట్రపు ఫిడేలు సంగీతమనగానే లోకానికి మొదట తట్టేది పరుగులు పెట్టే రీల్ అనే నృత్య వరసే అయినా, అక్కడి విద్వాంసుడి సత్తా నిజంగా తేలేది నింపాదిగా సాగే జంటనృత్య వరస వాల్ట్జ్‌లోనే. ఫిడేలు ఫ్రెంచి వలసదారులతో వచ్చిందనీ, రీళ్లలో చాలావరకు స్కాట్లండ్, ఐర్లండ్‌ల నుంచి వచ్చి కలిశాయనీ చెబుతారు. ఐరోపాలో పుట్టి నృత్యశాలల్లో పెరిగిన వాల్ట్జ్ వాటి తరువాత చేరింది.

రీల్ వాయించేటప్పుడు ఫిడేలుదారు కుర్చీలో కూర్చుని రెండు పాదాలతోనూ నేల మీద దరువు వేస్తాడు. పోడోరిద్మీ అనే ఈ పాదలయ హోరులో, పొట్టి కమాను విసుర్ల వేగంలో చిన్నచిన్న దోషాలు కలిసిపోతాయి. మూడు దెబ్బల వాల్ట్జ్‌లో ఆ చాటు దొరకదు. పియానో ఎడమచెయ్యి మొదటి దెబ్బకు మంద్రస్వరాన్ని, కుడిచెయ్యి మిగిలిన రెండింటికీ తేలికైన స్వరగుచ్ఛాలను అందిస్తుండగా, ఫిడేలుదారు ఒకే కమాను లాగులో అనేక స్వరాలను పలికిస్తూ, పక్క తీగను కూడా తాకించి జంటనాదం పుట్టిస్తూ, మొదటి దెబ్బ మీద ఒత్తిడి పెంచి ఆ వెంటనే సడలిస్తాడు. ఆ సడలింపే నర్తకుల అడుగును పైకి లేపుతుంది. పాతకాపుల వరసల్లో కొన్నిచోట్ల ఒక దెబ్బ ఎక్కువో తక్కువో ఉంటుంది. "వంకర" అని పిలిచే ఈ లక్షణం సాగెనే ప్రాంతపు లూయీ 'పిటూ' బూద్రో (1905–1988) వాదనంలో లోపంగా కాక సొగసుగా భాసిస్తుంది.

పాతతరం ఫిడేలుదారు జోసెఫ్ అలార్ (1873–1947) గ్రామఫోన్ రికార్డుల్లో వినిపించే నిబ్బరం ఒక ఎత్తయితే, ఆయన శిష్యుడు జ్యాన్ కారిన్యాన్ (1916–1988) చూపిన కమాను పట్టు మరొక ఎత్తు. స్వరలిపి చదవడం రాకపోయినా, ఐరిష్ దిగ్గజం మైకేల్ కోల్మన్, స్కాటిష్ విద్వాంసుడు జేమ్స్ స్కాట్ స్కిన్నర్ రికార్డులను చెవితోనే ఒడిసిపట్టి, మాంట్రియల్ వీధుల్లో టాక్సీ నడుపుతూ బతికిన ఆ మనిషితో కలిసి విశ్వవిఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ అంతటివాడు వాయించాడంటే, పల్లె విద్య అని చిన్నచూపు చూసేవారికి వేరే జవాబు అక్కరలేదు. 1974లో కెనడా ప్రభుత్వం ఆయనను ఆర్డర్ ఆఫ్ కెనడాతో గౌరవించింది.

1970ల జానపద సంగీత పునరుజ్జీవనం, 1976లో ఏర్పడిన లా బొటీన్ సూరియాంట్ బృందం ఈ సంగీతాన్ని కొత్త తరానికి చేరువ చేసిన మాట నిజమే. అయితే వేగానికి చప్పట్లు కొట్టే వేదికల మీద వాల్ట్జ్ రెండు రీళ్ల మధ్య ఊపిరి తీసుకునే వ్యవధిగా మిగులుతోంది. అంతకన్నా ఘోరం, లయ చూపే మెట్రోనోమ్ కొలతకు వంకరలను నరికి, యంత్రపు డోలు తగిలించి, పంచదార పాకంలా అమ్మే నకళ్లు. వాటిలో స్వరాలన్నీ ఉంటాయి, కమాను ఊపిరి మాత్రం ఉండదు. నేర్చుకునేవారు అచ్చుకాగితం పట్టకముందే అలార్‌నూ బూద్రోనూ చెవులారా వినాలి, ఉత్సవ నిర్వాహకులు వాల్ట్జ్‌కు పూర్తి వంతు ఇవ్వాలి. ఎందుకంటే వేగాన్ని సాధన ఎవరికైనా ఇస్తుంది గాని, దీర్ఘస్వరాన్ని నిలబెట్టే నిబ్బరం వినికిడి పరంపర తెగితే మళ్లీ దొరకదు.