చింపడానికి నోటు లేని బాకీ

అప్పు తీర్చిన రోజు ప్రామిసరీ నోటు చేతికి తీసుకుని, పెద్దమనుషుల ముందే నిలువునా చింపేయడం నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. విడతల వారీగా కడితే నోటు వెనక చెల్లు రాయిస్తారు. కింద తేదీ, సంతకమో వేలిముద్రో ఉంటుంది. అక్షరం ముక్క రానివాళ్లు కూడా ఈ విషయంలో ఏమరరు. అంత జాగ్రత్త తెలిసిన మనిషే, వ్యవహారం కోర్టుకెక్కాక పైసలన్నీ కట్టి ఒట్టి చేతులతో ఇంటికి వస్తుంటే నాకు మనసున పట్టదు.

దావా పడ్డాక చింపడానికి నోటు దొరకదు. ఎగ్జిబిట్ ఏ-1 అని ముద్ర వేయించుకుని అది కోర్టు ఫైల్లో ఉంటుంది. ఇక బతికి ఉండేది డిక్రీ. దాని ఆయుష్షు 12 ఏళ్లు. ఆ లోపల ఎప్పుడైనా ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేసి ఆస్తి జప్తు అడగొచ్చు. డబ్బు కోర్టు బయట ముట్టితే ఆ సంగతి కోర్టుకు చెప్పి రాయించాల్సిన బాధ్యత డిక్రీదారుదేనని సివిల్ ప్రొసీజర్ కోడ్, ఆర్డర్ 21, రూల్ 2 చెబుతోంది. ఆయన చెప్పకపోతే కట్టినవాడే దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ గడువు 30 రోజులే. రికార్డుకెక్కని చెల్లింపును ఈపీ విచారించే కోర్టు లెక్కలోకి తీసుకోదు. ఊరంతా చూస్తుండగా నోట్ల కట్టలు లెక్కపెట్టి ఇచ్చినా సరే.

ఈ 30 రోజుల గడువు అందరికన్నా ఎక్కువగా పాలమూరు వలస కుటుంబాల ప్రాణం తీస్తుంది. ముంబైకో పుణెకో పనికి పోయినప్పుడు సమన్లు తాళం వేసిన తలుపుకు అంటిస్తారు. వీళ్లకు తెలిసేసరికి ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోయి ఉంటుంది. పండక్కి వచ్చి, అప్పిచ్చినాయనతో మాట్లాడుకుని, ఉన్నదంతా ఇచ్చి మళ్లీ బస్సెక్కుతారు. వకీలు దగ్గరికి వెళ్లడానికి ఇంకో రోజు కూలి పోతుందని ఆగరు. నేను చెప్పేది ఒకటే: డబ్బు ఇచ్చే రోజే ఇరువైపుల వకీళ్ల సంతకాలతో ఫుల్ శాటిస్‌ఫాక్షన్ మెమో వేయించాలి. దాని మీద కోర్టు ఉత్తర్వుకు సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. అవతలివాడు మొండికేస్తే డబ్బు అతని చేతికి ఇవ్వకుండా కోర్టులోనే డిపాజిట్ చేసి నోటీసు ఇవ్వొచ్చు. భూమి మీద జప్తు ఉంటే, అది తొలగిందన్న ఉత్తర్వు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు చేరిందో లేదో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూసుకోవాలి.

కోర్టు రికార్డు ఒక్కటే కాదు, అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టు కూడా సరిచూసుకోవాలి. వడ్డీ వ్యాపారి తెచ్చుకున్న డిక్రీ అందులోకి రాదు. అక్కడికి చేరేవి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు పంపే వివరాలు. బ్యాంకు దావా వేసిందంటే ‘సూట్ ఫైల్డ్’ అని ఒక మాట ఎక్కుతుంది. దేవరకొండ వైపు రైతు ఒకాయన తన రిపోర్టు నా ముందు పరిచాడు. బ్యాంకు బాకీని లోక్ అదాలత్‌లో రాజీ చేసుకుని, ఒప్పుకున్న మొత్తమంతా ఎప్పుడో కట్టేశాడు. పాలిథిన్ కవర్లో అవార్డు కాపీ, రశీదు నలగకుండా ఉన్నాయి. రిపోర్టులో మాత్రం 36 నెలల చెల్లింపుల గళ్లు, వాటి కింద పాత బ్యాలెన్సు అలాగే ఉంది. ‘‘కట్టిన కాయితం నా దగ్గరుంది సార్, అండ్ల బాకీ ఎట్ల చూపిస్తది?’’ అన్నాడు. పాడి పశువుల లోను కోసం కొడుకుతో కలిసి వెళ్తే, ఆ గడి చూపించి తిప్పి పంపారట.

ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. బ్యాంకు కొంత వదులుకుంది కాబట్టి ఖాతా పక్కన ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని రాస్తారు, ఏళ్ల తరబడి అది ఉండిపోతుంది. తర్వాత అప్పిచ్చేవాడికి ఆ నిజం తెలియాలంటే నేను కాదనను. కానీ సంతకం పెట్టించే ముందు ఆ మాట రైతుకు నోటితో చెప్పాలి కదా. బ్యాలెన్సు సున్నా చేయకపోవడానికైతే ఏ సమర్థనా లేదు.

మన జిల్లాల్లో ఇంకో చిక్కుంది. అప్పిచ్చిన బ్యాంకు పేరే మిగల్లేదు. నాగార్జున, సంగమేశ్వర గ్రామీణ బ్యాంకులు 2006లో ఏపీజీవీబీలో కలిశాయి. దాని తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకుకు వచ్చాయి. ఎస్‌బీహెచ్ 2017లో ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంక్ 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. పాత రశీదు మీది పేరు చూసి బెదరక్కర్లేదు. కలుపుకున్న బ్యాంకే నో డ్యూస్ ఇవ్వాలి, రికార్డు సరిచేయాలి.

ఆ రైతు కోసం అవార్డు కాపీ, రశీదు జతచేసి ఫిర్యాదు రాశాం. పూర్తి రిపోర్టు ఏడాదికోసారి ఉచితం. ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. అది 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. సిబిల్ లాంటి క్రెడిట్ సమాచార కంపెనీలు 2022 సెప్టెంబరు నుంచి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పరిధిలోకి కూడా వచ్చాయి, అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఆయన బ్యాలెన్సు సున్నా అయింది. ‘సెటిల్డ్’ అన్న మాట ఉంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ న్యాయసేవాధికార సంస్థలను నేను అడిగేది చిన్న పని. అవార్డు కాపీ పార్టీలకు ఎలాగూ ఉచితంగా ఇస్తున్నారు. డబ్బు ముట్టాక ఫలానా తేదీలోగా బ్యాలెన్సు సున్నా అని, దావా ముగిసిందని క్రెడిట్ సమాచార కంపెనీలకు పంపుతామని బ్యాంకు చేత అదే అవార్డులో ఒక వాక్యం రాయించండి. ఖాతా పక్కన ఏ మాట పడబోతోందో సంతకానికి ముందే బెంచీ మీదనుంచి తెలుగులో చదివి వినిపించండి.