‘ఎక్స్‌టార్షన్’ - ‘మామూలు’: సంస్థాన పదజాలం ఆధారంగా ఒక అనువాద సమస్య

ఆంగ్లంలోని ‘ఎక్స్‌టార్షన్’ అనే పదానికి తెలుగులో ‘దోపిడి’, ‘బలవంతపు వసూలు’ అనే పర్యాయపదాలు వాడుకలో ఉన్నాయి. వీటిలో మొదటిది చాలదు. వాడుకలో దోపిడి అంటే సొత్తును లాక్కోవడం. ఎక్స్‌టార్షన్‌లో బాధితుడే భయంచేత తన చేతితో తీసి ఇస్తాడు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 383వ సెక్షను నిర్వచనంలో కీలకాంశం ఇదే. డబ్బివ్వకపోతే పరువు తీసే రాతలు ప్రచురిస్తానని బెదిరించడం అక్కడిచ్చిన మొదటి ఉదాహరణ. నేటి పత్రికలు దీన్నే ‘బ్లాక్‌మెయిల్’ అంటున్నాయి.

ఈ పదానికి మూలమైన లాటిన్ క్రియకు మెలిపెట్టి లాగడమని అర్థం. ‘ముక్కుపిండి వసూలు చేయు’ అనే తెలుగు జాతీయం దీనికి ఎంతో దగ్గరిది. అయితే న్యాయమైన బాకీ రాబట్టుకొనే సందర్భంలోనూ దాన్ని వాడతారు కనుక పారిభాషిక పదంగా నిలవదు.

అసలు చిక్కు మరొకటి. పాత ఆంగ్ల న్యాయంలో ఈ మాట ప్రధానంగా, అధికారి తన పదవిని అడ్డుపెట్టుకొని రావలసినదానికి మించి తీసుకోవడాన్ని సూచించేది. ఈ అర్థానికి తెలుగు మాట వెతికేవారు సంస్థానాల కాలపు పదజాలాన్ని పరిశీలించాలి. ఆత్మకూరు కేంద్రంగా సాగిన అమరచింత, దాని పొరుగున ఉన్న గద్వాల, వనపర్తి నిజాముకు పేష్కష్ చెల్లించిన సంస్థానాలు. పేష్కష్ అంటే ముందుంచినది. నజరానా అంటే కానుక. దస్తూరి, మామూలు రెండూ ఆచారాన్ని సూచించేవే. పేష్కష్ గుర్తింపు పొందిన కప్పమే కనుక దాన్ని ఎక్స్‌టార్షన్ అనరాదు. కాని ఈ మాటలన్నీ పుచ్చుకొనేవాని వైపు నుంచి పుట్టినట్లున్నాయి. ఇచ్చేవాని భయం వేటిలోనూ వినిపించదు. ‘దండుగ’ ఒక్కటే వేరు. జరిమానా అనే అర్థం నుంచి వృథా ఖర్చు అనే అర్థానికి అది జరగడంలో ఇచ్చినవాని నిట్టూర్పు ఉంది.

వీటిలో నేటికీ విరివిగా వాడేది ‘మామూలు’. దసరాకు ఇష్టంగా ఇచ్చేదీ మామూలే, దుకాణం మూయిస్తారన్న భయంతో నెలనెలా ఇచ్చేదీ మామూలే. ‘మామూలు ఇచ్చాను’ అన్న చిరువ్యాపారి వాంగ్మూలాన్ని ఆంగ్లంలోకి ‘లంచం’గా మారిస్తే, 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం అతడే నేరస్థుడు కావచ్చు. నిర్బంధం వల్ల ఇచ్చినవారికి మినహాయింపు ఉన్నా, ఏడు రోజుల్లో ఫిర్యాదు చేసి ఉండాలి. ‘ఎక్స్‌టార్షన్’గా మారిస్తే అతడు బాధితుడు. కనుక అనువాదకుడు మొదట తేల్చుకోవలసింది పదానికి నిఘంటువు చెప్పే అర్థం కాదు, ఇవ్వకపోతే ఏమి జరుగుతుందని ఆ వ్యాపారి భయపడ్డాడన్నది.