ముందు గిరి, తర్వాతే పాచిక

కడపలో మా చెల్లెలి ఇంటి నడవలో నల్లబండ పరిచి ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం దాన్ని తడిగుడ్డతో తుడిచి, సుద్దముక్కతో అంగుళానికొక చుక్క పెడతాం. చుక్కలు మేనకోడలి పని. వాళ్లమ్మ దగ్గర ముగ్గు నేర్చిన చెయ్యి, వరస తప్పదు. చింతగింజలు శత్రువులు, చదరంగం పావులు మావాళ్లు.

మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట. ఒకరు కథ నడుపుతారు, తక్కినవాళ్లు తలా ఒక పాత్ర కడతారు, ఎటూ తేలనిచోట పాచిక తేలుస్తుంది. మా ఇంట్లో కథ నడిపేది నేను. అందులో నాకు అన్నిటికన్నా కష్టంగా పట్టుబడిన పని ఒకటుంది. ఒక మనిషి మీద కాక, ఒక జాగా మీద పడే దెబ్బను నడపడం.

కత్తిపోటుకు లెక్క సులువు. పొడిచినవాడొకడు, పోటు తిన్నవాడొకడు. ఫైర్‌బాల్ అనే అగ్నిగోళం అట్లా కాదు, పడినచోట ఎవరుంటే వాళ్లది. దాని పుట్టుకే అట్లాంటిది. 1971లో వచ్చిన చెయిన్‌మెయిల్ అనే బొమ్మసైన్యాల ఆటలో, పెద్ద రాళ్లు రువ్వే యంత్రం దెబ్బ ఎంత మేర పడుతుందో మాంత్రికుడి నిప్పుకూ అంతే మేర ఇచ్చారు. 2014 నాటి నియమాల్లో అది కేంద్రం నుంచి చుట్టూ 20 అడుగులు, ఆరుముఖాల పాచికలు ఎనిమిది, ఒడుపుగా తప్పుకున్నవాడికి సగం దెబ్బ. మా గడి ఐదడుగుల లెక్క. కాబట్టి నాలుగంగుళాల దారానికి సుద్దముక్క కట్టి, గడి నడుమ కాకుండా చుక్క మీద వేలు నొక్కి గుండ్రంగా తిప్పుతాం. గడిలో సగమైనా గీత లోపలుంటే అందులోని వాడు లోపలివాడే. మొత్తం యాభై గళ్ల దాకా వస్తాయి.

ఈ గిరి విలువ నాకు బెలుం గుహల కథలో తెలిసింది. కొలిమిగుండ్ల దగ్గర, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న ఆ గుహల్ని పిల్లలు చూసొచ్చిన వేసవి అది. 3,229 మీటర్ల పొడవు, లోపల ఉక్క, బయటి గాలిని గొట్టాలతో పంపాల్సినంత ఇరుకు. మేం ఆడే బండా సున్నపురాయే, ఆ గుహా సున్నపురాయే. పిల్లలు మురిసిపోయారు. పాతాళగంగ వైపు దిగే దారిని కథ కోసం పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు సొరంగంగా పెట్టాను. ఎదురొచ్చిన మూక మీద మేనల్లుడు అగ్నిగోళం విసిరాడు.

నేను 1978 నాటి పాత నియమం పట్టుకున్నాను. అందులో నిప్పు తన పరిమాణం నిండేదాకా దొరికిన సందునల్లా పాకుతుంది. 20 అడుగుల వ్యాసార్ధం ఉన్న గోళం సుమారు 33,500 ఘనపుటడుగులు. పదికి పది సొరంగంలో ఆ నిప్పును పోస్తే 335 అడుగుల మంట, అటు సగం, ఇటు సగం. కొత్త నియమంలోనైతే 20 అడుగుల దగ్గరే ఆగిపోయేది. అరవై అడుగుల వెనక, గోడకానుకుని కట్టు కట్టుకుంటున్న మేనకోడలి వైద్యురాలు కాలిపోయింది. ఏడాదిగా ఆ పిల్ల పెంచుకున్న పాత్ర.

"ముందే చెప్పింటే అన్న వేసిండడు కదా మామా" అంది.

నా లెక్క తప్పు కాదు. కానీ అది నా తలలో ఉంది, బండ మీద లేదు. ఆ రాత్రి ఆ పిల్ల అన్నం సరిగా తినలేదు. నేనూ తినలేకపోయాను.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. ముందు గిరి గీస్తాను. లోపలున్నవాళ్లను పేరుపేరునా చదువుతాను. నిప్పు మూల తిరుగుతుందా, సందుల్లోకి పాకుతుందా చెబుతాను. "వేస్తావా?" అని అడిగి, ఊ అంటేనే పాచికలు చేతికిస్తాను. ఇట్లా చేస్తే ఉత్కంఠ పోతుందనే నిర్వాహకులున్నారు. నేనొప్పుకోను. ఏళ్లతరబడి నిప్పు మంత్రం సాధన చేసినవాడికి దాని సెగ ఎంతదూరం తగులుతుందో తెలియదా? పాత్రకు తెలిసింది ఆడేవాడికీ తెలియాలి. శత్రువు విసిరేటప్పుడు మాత్రం ముందు చూపను, అయితే పడ్డాక కొలిచేది అదే దారంతో.

మూకలతో ఇంకో చిక్కు ఉంది. గాబ్లిన్లనే శత్రువులు పన్నెండు మంది ఉంటే పన్నెండుసార్లు తప్పించుకునే పాచిక వెయ్యాలా? దెబ్బ పాచికలు అందరికీ కలిపి ఒక్కసారే కదా వేసేది, వాటిని ముందు చూడాలి. 2014 నియమాల్లో గాబ్లిన్ ప్రాణం 7. ఎనిమిది పాచికల సగటు 28. మొత్తం 14కు తగ్గకుంటే సగం దెబ్బకే అందరూ పోతారు, ఇంక తప్పించుకుని ఏం లాభం? చింతగింజలన్నీ ఒక్క చేత్తో ఊడ్చేస్తాను. మిగిలిన సమయం వాళ్ల నాయకుడికిస్తాను, వాడి పాచిక వాడికే విడిగా వేసి.

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప వచ్చే బస్సులో పిల్లలు పక్కనుంటే నోటితోనే ఆడతాం. అక్కడ బండ లేదు, దారం లేదు. దెబ్బ ఎంతమందికి తగులుతుందో 2014 నిర్వాహకుల పుస్తకం ఒక అంచనా చెబుతుంది. గోళమైతే వ్యాసార్ధాన్ని 5తో భాగించు, 20కి నలుగురు. వరసగా పోయే వంద అడుగుల పిడుగైతే 30తో భాగించి పైకి సవరించు, మళ్లీ నలుగురే. కుదుపుల దారిలో బాగా పనికొస్తుంది.

జాగా మొత్తాన్ని కమ్మే అస్త్రం మనకు కొత్తది కాదు. ద్రోణపర్వంలో అశ్వత్థామ వేసిన నారాయణాస్త్రం పాండవసేన మొత్తాన్ని కమ్ముకుంటుంది. దాన్నుంచి తప్పించుకోవడానికి ఒడుపు పనికిరాదు, ఆయుధం కిందపెట్టి రథం దిగాలి. కృష్ణుడు అదే చెప్పాడు. భీముడు వినలేదు, కృష్ణార్జునులు ఆయన్ను రథం మీంచి లాగాల్సొచ్చింది. ఇంతకన్నా గొప్ప నియమం నేను ఏ ఆటపుస్తకంలోనూ చదవలేదు. ఒకసారి దీన్ని మా ఆటలో పెట్టాను. పాచికే లేదు, కత్తి వదిలినవాడు బతుకుతాడు, అంతే. అది కూడా ముందే చెప్పాను. అయినా మేనల్లుడి చెయ్యి కత్తి వదలడానికి చాలాసేపు పట్టింది, చెల్లెలు వంటింట్లోంచి వచ్చి నిలబడి చూసింది.

మేనకోడలు ఇప్పుడు మాంత్రికురాలి పాత్ర కడుతోంది. పోయిన ఆదివారం దారం తనే తిప్పింది. వంతెన మీద తొమ్మిది చింతగింజలు, వాటి నడుమ అన్న గుర్రం పావు. గీత దాని గడిని సగానికి పైగా కోసింది.

"అన్నా, నువ్వు లోపలే ఉండావు. వెయ్యల్నా?"

వాడు గీతకేసి చూశాడు, తన ప్రాణం ఎంత మిగిలిందో కాగితంలో చూసుకున్నాడు. పాచికలు తనే ఏరి చెల్లెలి దోసిట్లో పోశాడు.